అట్ట వెనక మూడు చుక్కలు
(ఆకుల ఫైలు: పదకొండో భాగం)

ఆదివారం పొద్దున, ఎవరూ లేని బడిలో, రెఫరెన్స్ గది కిటికీ పక్కన కూర్చుని చిక్కమ్మ ఆకుల ఫైలును ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదువుకుంటూ ఉంది. ‘గణికాకు’ అన్న పేరు చదివింది, పప్పులో వేసుకునే కూరాకు. ఎందుకు బుద్ధి పుట్టిందో ఏమో, ప్లాస్టిక్ కవరులోంచి ఆకు అంటించిన అట్టను బయటికి లాగి వెనక్కి తిప్పింది. వెనక మూడు నల్లచుక్కలు కనబడ్డాయి.

ఆ చుక్కలు ఆమె పెట్టినవే. అక్షరం ముక్క రాని రోజుల్లో, విషపు ఆకులు కలిసిపోకుండా బొగ్గుతో పెట్టుకున్న గుర్తు. అంటే గణికాకు ఉండాల్సిన చోట ఉమ్మెత్తాకు కూర్చుని ఉంది.

ఆ గదిలో ఆకుల ఫైళ్ళు రెండు. ఒకటి టీచర్లది, అది గది దాటదు. రెండోది తల్లిదండ్రులది. శనివారం ఒక ఇంటికి వెళ్ళి సోమవారం తిరిగి వస్తుంది. ఆకుపచ్చ అంచు ఉన్న కాగితాల్లోని ఒక ఆకును వెతికి తెచ్చి, ఆదివారం ఇంట్లో వండుకుని ఫొటో తీసి పంపాలి. అదే పిల్లల హోంవర్కు. ఎరుపు అంచువి గుర్తుపట్టడానికే గాని ముట్టుకోవడానికి కాదు. అపార్టుమెంట్లలో పెరిగే పిల్లలకు కాలికింది ఆకు పేరైనా తెలియాలని సైన్సు చెప్పే ప్రిస్కిల్లా టీచర్ పట్టుబట్టి చేయించిన ఫైలు అది. ఆకులు తెచ్చిందీ, పుస్తకాల కింద నొక్కి ఎండబెట్టిందీ, అంటించిందీ ఆయా చిక్కమ్మ. ఈ ఏడాది టీచర్ చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించాక, పేర్ల చీటీలు కూడా ఆమే రాసింది.

గురువారం అట్టలకు బూజు పట్టిందని రెండు ఫైళ్ళవీ మిద్దె మీద ఎండకు పెట్టింది. వాన వచ్చింది. అన్నీ ఒక్క ఒడిలో వేసుకుని కిందికి పరుగెత్తింది. తిరిగి సర్దిందీ ఆమే. ఒక ఫైలులో తప్పు జరిగిందంటే రెండోదాంట్లోనూ జరిగే ఉంటుంది.

ఆ రెండోది ఎక్కడుందో రిజిస్టరు చెప్పింది. తేజస్ వాళ్ళమ్మ చైత్ర, బి బ్లాకు, మూడు వందల నాలుగు. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. టీచర్ ఫోను ఆపేసి ఉంది, ఆదివారం ఆరాధన వేళ. బడి గేటు దగ్గరున్న వాచ్‌మన్ ఆవులప్పను సైకిలు మీద చర్చికి తరిమి, టీచరమ్మను తిన్నగా ఆ ఫ్లాటుకే రమ్మనమని చెప్పి, చిక్కమ్మ ఆటో ఎక్కింది.

ఆటోలో కూర్చున్నంతసేపూ ఆమె కళ్ళ ముందు ఒకే మనిషి మెదిలాడు. ఆమె చిన్నాయన పెద్దమునియప్ప. ముళబాగిలు పక్క వాళ్ళ ఊళ్ళో, ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, చీకట్లో కోసుకొచ్చిన కలగలుపు బెరకాకులో ఉమ్మెత్త లేతాకు కలిసిపోయింది. తిన్న గంటకు నోరు ఎండిపోతోందన్నాడు. కుండెడు నీళ్ళు తాగాడు. కళ్ళలో నల్లగుడ్డు పెద్దదై, తెల్లగుడ్డు కనబడకుండా పోయింది. తర్వాత, ఎప్పుడో చచ్చిపోయిన తన అమ్మతో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఆమెకు చోటివ్వమని పక్కనున్న వాళ్ళను జరగమన్నాడు. మూడోనాడు పోయాడు. ఆ మూడు రోజులూ చిక్కమ్మ వాకిట్లో కూర్చుని, లేని మనిషితో ఆయన చెప్పిన మాటలన్నీ విన్నది.

“ఇంకా ఎంత దూరమప్పా?” అని ఆటో అతన్ని నాలుగోసారి అడిగింది.

“అదే కదమ్మా గేటు. దిగు.”

గేటు దగ్గర సెక్యూరిటీ నంజప్ప బల్ల వెనక నుంచి లేవలేదు. “ఏ ఫ్లాటు?”

“బి, మూడు వందల నాలుగు. బేగ పోవల్ల అన్నా.”

“మెసేజ్ పంపినాను. వాళ్ళు ఓకే అననీ.”

“వాళ్ళు ఫోనే ఎత్తడంలేదు.”

“అట్లయితే కూర్చో. ఎవుర్ని పడితే వాళ్ళను వదిలితే నా ఉద్యోగం పోతాది.”

చిక్కమ్మ కూర్చోలేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. “అన్నా, వాళ్ళు పొయ్యి మీద విషం పెట్టుకోని ఉండారు. వాళ్ళకు తెలీదు. ఆ బిడ్డకు ఏడేండ్లు.”

నంజప్ప ఆమె ముఖం చూశాడు. చెమటలు, ఎగపోత, బడి పేరు కుట్టిన నీలం కోటు, ఒక కాలికే ఉన్న చెప్పు.

“యా ఊరు మీది?”

“ముళబాగిలు పక్క.”

“మాది శ్రీనివాసపురం, మీ పక్కదే. ఆ మాట ముందే చెప్పల్ల కదక్కా! లిఫ్టు ఆ పక్క. కాదు కాదు, అది చెడిపోయిండాది, మెట్లెక్కు.”

మూడంతస్తులు ఆమె ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. తలుపు తట్టే లోపలే పోపు వాసన తగిలింది. వెల్లుల్లి, ఎండుమిరప, ఇంగువ. ఎంత మంచి వాసనో అంత భయం వేసింది చిక్కమ్మకు. ఆ పోపు కింద ఏ పాడు వాసనైనా మునిగిపోతుంది.

తలుపు తీసింది చైత్రే. తలకు తువ్వాలు, చేతిలో గరిటె. “చిక్కమ్మా? మీరేంటి ఇక్కడ? ఫోన్ చార్జింగ్‌లో ఉంది, చూసుకోలేదు. రండి రండి, కరెక్ట్ టైముకి వచ్చారు. మీ ఆకుతోనే పప్పు చేశాను.”

“తేజస్ యాడున్నాడు?”

“డైనింగ్ టేబుల్ దగ్గర. తింటున్నాడు.”

చిక్కమ్మ ఆమెను పక్కకు నెట్టి లోపలికి వెళ్ళింది. ఆ ఇంట్లోకి ఆమె ఎప్పుడూ అడుగు పెట్టలేదు. పెట్టినా గడప దగ్గరే నిలబడే మనిషి. ఇప్పుడు మట్టికాళ్ళతో పాలరాతి నేల మీద పరుగెత్తి, బల్ల ముందున్న పిల్లవాడి కంచం లాక్కుంది. కంచంలో అన్నం లేదు. పప్పు లేదు. కంచం తుడిచినట్టు ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ కంచం మళ్ళీ బల్ల మీద పెట్టింది.

“చిక్కమ్మా! ఏం చేస్తున్నారు మీరు?” చైత్ర గొంతు పెరిగింది. “పిల్లాడు తినే కంచం అలా లాక్కుంటారా?”

“ఎంత తిన్నాడు? చెప్పమ్మా, ఎన్ని ముద్దలు తిన్నాడు?”

“ఫస్ట్ టైం మారాం చెయ్యకుండా మొత్తం తిన్నాడు. అసలు ఏమైంది?”

“అది గణికాకు కాదు. ఉమ్మెత్త.”

చైత్ర నవ్వింది. కోపం దాచుకోవడానికి నవ్వే నవ్వు. “చూడండి, నేను గుడ్డిగా ఏం చెయ్యలేదు. మా వెనక ఖాళీ సైట్‌లో ఆకు కోసేముందు ఫైలు పక్కన పెట్టుకుని మ్యాచ్ చేశాను. అంచు చూశాను, ఈనెలు చూశాను. పేరు చూశాను. క్లియర్‌గా రాసి ఉంది. గ్రీన్ బార్డర్. తినొచ్చు అని.”

“రాసి ఉండాది. రాసింది నేనే.”

“అయితే ఇంకేంటి మరి? మీకు చదవడం ఈ మధ్యనే వచ్చిందని టీచర్ చెప్పారు. ఏదో కన్‌ఫ్యూజ్ అయినట్టున్నారు. కూర్చోండి, నీళ్ళు తాగండి.”

మంచిమాటే. మంచిగానే అన్నది. అయినా చెంప మీద కొట్టినట్టయింది చిక్కమ్మకు. నేరుగా వంటగదిలోకి వెళ్ళింది. సింకు పక్కన వండగా మిగిలిన ఆకు గుప్పెడు ఉంది. తీసి నలిపింది. మగ్గిపోయిన, ముక్కుకు ఎక్కే పాడు వాసన. కిటికీ గట్టు మీద గాజుగ్లాసులో నీళ్ళు పోసి ఒక పువ్వు పెట్టి ఉంది. తెల్లగా, పొడుగ్గా, బాకా లాంటి పువ్వు.

“ఈ పువ్వు యాడిది?”

“ఆ మొక్కదే. తేజస్ తెచ్చాడు, బాగుందని పెట్టాను.”

“గణికాకు పువ్వు వేలి గోరంత ఉంటాదమ్మా. ఇంత బాకా ఉంటే అది ఉమ్మెత్తే.”

చిక్కమ్మ ముందుగదిలో సోఫా మీద ఉన్న ఫైలు తెచ్చింది. ఆకుపచ్చ అంచు కాగితం తెరిచి, అట్టను లాగి, వెనక్కి తిప్పి బల్ల మీద చైత్ర ముందు పెట్టింది. మూడు నల్లచుక్కలు. తర్వాత ఎరుపు అంచు కాగితంలోంచి, ఉమ్మెత్త అని రాసి ఉన్న దాంట్లోంచి, ఇంకో అట్ట లాగింది. దాని వెనక ఒక్క చుక్క.

“ఒక్క చుక్క అంటే తినొచ్చు. మూడంటే ముట్టరాదు. నాకు చదువు రాని పొద్దు ఇట్లనే గుర్తు పెట్టుకుంటాంటి. ఎండితే ఈ రెండాకులూ అక్కచెల్లెండ్ల మాదిరి ఉంటాయి. పచ్చిదైతే వాసన చూసి కండ్లు మూసుకోని చెప్తా. ఎండినదానికి వాసన ఉండదు.”

“మరి సర్దేటప్పుడు ఈ చుక్కలు చూడలేదా?”

“చూడలే.”

“చీటీ? చీటీ చదవలేదా? మీరే రాశారు కదా!”

ఆ ప్రశ్న వస్తుందని ఆటోలోనే తెలుసు చిక్కమ్మకు. వానలో తడిశాయి, గాలికి ఎగిరాయి, పిల్లలు కలిపేశారు, ఇట్లాంటి మాటలు నాలుగైదు దారిలో నాలుక మీదికి వచ్చాయి కూడా. టీచరమ్మ కష్టపడి చేయించిన ఫైలు, తన పద్నాలుగేళ్ళ ఉద్యోగం, అందరూ తనను పేరు పెట్టి పిలిచే ఆ గది, అన్నీ ఈ ఒక్క జవాబు మీద ఉన్నాయి. ఖాళీ కంచం బల్ల మీద ఉంది.

“చదవలేదమ్మా. సర్దేటప్పుడు ఆకును బొటనవేలితో తడిమి, ఇది దాంట్లోది, అది దీంట్లోది అని పెట్టేస్తిని. నలభై ఏండ్లు ఆకుల్ని చేత్తోనే గుర్తుపట్టినా. చేయి ఎప్పుడూ తప్పలే. వానకు మెత్తబడినాయి, ఈసారి తప్పింది. చదవడం వచ్చినాక కూడా చదవలే. తప్పు నాది. టీచరమ్మది కాదు.”

చైత్ర కుర్చీలో కూలబడింది. ఆమె ముఖంలో రక్తం లేదు. “తేజూ... తేజూ, నువ్వు మొత్తం తిన్నావా నాన్నా? నిజం చెప్పు.”

అప్పటిదాకా తేజస్ బల్ల అంచున వేలితో గీతలు గీస్తూ, పెద్దవాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“చెప్తే కొడతావు.”

“కొట్టను. ప్రామిస్.”

“అమ్మమ్మ మీద ప్రామిస్?”

“తేజూ!”

వాడు కుర్చీ దిగి బాల్కనీలోకి వెళ్ళాడు. తులసి కుండీ వెనక ఉన్న పెద్ద మనీప్లాంట్ తొట్టిని వేలితో చూపించాడు. మట్టి మీద ముద్దగా పప్పన్నం. పైన ఆకు ఒకటి కప్పి ఉంది.

“ఆకుకూర నాకు వద్దన్నా. నువ్వు కిచెన్‌లోకి వెళ్ళినప్పుడు వేసేశా. ఒక్కటి కూడా తినలే. నెయ్యి మాత్రం నాకేశా. నెయ్యి పప్పు మీద పడకముందు.”

చిక్కమ్మకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియలేదు. వాడి రెండు చేతులూ సబ్బుతో మోచేతుల దాకా కడిగింది. నోరు పుక్కిలింపించింది. వాడి కళ్ళు వెలుతురుకు తిప్పి చూసింది. నల్లగుడ్డు చిన్నదిగా, మామూలుగా ఉంది. నాలుక చాపమంది. తడిగా ఉంది.

“దొంగ వెధవ,” అని వాడి తల గుండెకు అదుముకుంది. “ఇట్లా దొంగతనం రోజూ చెయ్యప్పా.”

“రోజూ చెయ్యొచ్చా?” అన్నాడు వాడు, నమ్మలేక.

చైత్ర ఇంకా కుర్చీలోంచి లేవలేదు. “నేను ఉప్పు చూశాను చిక్కమ్మా. ఒక స్పూన్.”

“ఎంతసేపయింది?”

“పది నిమిషాలు ఉంటుందేమో.”

“నోరు ఎట్లుంది?”

“ఎండిపోతోంది. భయానికేనేమో. నాకు తెలియట్లేదు.”

“తెలుసుకునేదానికి కూర్చోవద్దు. ఇప్పుడే ఆసుపత్రికి పోవల్ల. ఆ మిగిలిన ఆకు ఒక కవర్లో వేసుకో, డాక్టర్‌కు చూపించల్ల. మీ ఆయన యాడ?”

“అశోక్ ఊరికెళ్ళాడు. పొద్దున ఏడింటికి కె.ఆర్.పురం స్టేషన్‌లో దింపి వచ్చా.” చైత్ర లేచి కవరు కోసం వెతుకుతూ, మాట మధ్యలో ఆగిపోయింది. సింకు పక్కనున్న గుప్పెడు ఆకు వైపు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏమయిందమ్మా?”

“ఆకు చాలా దొరికింది చిక్కమ్మా. తెల్లారగానే కోశాను. రెండు కట్టలు.”

“రెండోది?”

ఆమె జవాబు చెప్పే లోపల తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. ప్రిస్కిల్లా టీచర్ వచ్చింది. చర్చికి కట్టుకెళ్ళిన తెల్లచీర, చంకలో బైబిలు, మెట్లెక్కిన ఆయాసం.

“ఏంటి చిక్కమ్మగారూ, ప్రార్థన మధ్యలో ఆవులప్ప వచ్చి నన్ను బయటికి పిలిచాడు. అందరూ తిరిగి చూశారు. పిల్లాడికి ఏమైంది? బానే ఉన్నాడుగా!”

చిక్కమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. “టీచరమ్మా, అట్టలు మార్చి పెట్టేసినా. గణికాకు జాగాలో ఉమ్మెత్త పెట్టినా. చదవకుండా పెట్టినా.”

ప్రిస్కిల్లాకు విషయం అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. బల్ల మీద బోర్లించిన అట్టలు, చుక్కలు, గ్లాసులో పువ్వు చూసింది. ఆమె పెదవులు కదిలాయి. “దేవుడా. గండం తప్పింది. ఎవరూ తినలేదుగా? లేవండి చిక్కమ్మగారూ, ముందు లేవండి. ఫైలు సంగతి రేపు చూద్దాం. నేనూ చూడాల్సింది. సంతకం పెట్టి పంపింది నేను.”

ఆ మాటకు చిక్కమ్మ కళ్ళు నిండిపోయాయి. కానీ ఆమె టీచర్ను చూడడంలేదు, చైత్రను చూస్తోంది. చైత్ర గోడకు ఆనుకుని నిలబడి, టీచర్ ముఖం వైపు చూడలేక నేల చూపులు చూస్తోంది.

“రెండో కట్ట యాడికి పోయిందమ్మా?” అని చిక్కమ్మ మళ్ళీ అడిగింది.

“స్టేషన్ దారిలోనే కదా టీచర్ ఇల్లు,” అంది చైత్ర. ప్రిస్కిల్లా వైపు తిరిగింది. “మొదటి ఆకు టీచర్‌కే ఇవ్వాలనిపించింది. మీరు అప్పటికే చర్చి క్వాయర్ ప్రాక్టీస్‌కి వెళ్ళిపోయారు మ్యామ్. సార్ చేతికి ఇచ్చాను. గణికాకు, ఫైలులోదే, పప్పులో వేస్తే చాలా బాగుంటుందని చెప్పి...”

ప్రిస్కిల్లా చంకలోంచి బైబిలు జారి బల్ల మీద పడింది.

“ఆయన ఇంట్లోనే ఉన్నారు,” అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. “మా బాబు ఆశీష్‌కి రాత్రి జ్వరం. వాణ్ణి చూసుకుంటూ వంట తనే చేస్తానన్నారు. మా గుంటూరు వైపు గణికాకు అనే పేరే లేదు. ఆయనకు ఏం తెలుస్తుంది? టీచర్ ఫైలులో ఉందంటే కళ్ళకద్దుకుని వండేస్తారు.”

ఆరాధన కోసం ఆపేసిన ఫోను ఆమె వేళ్ళకింద వెలగడానికి ఒక యుగం పట్టింది. నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు రింగులు.

“హలో!” ఆమె భర్త సుందరరావు గొంతు హుషారుగా ఉంది. కానీ మాట నాలుకకు అంటుకుపోతున్నట్టు ఉంది. “ఎవరండీ?”

“నేనండీ! ఏవండీ, ఆ ఆకు వండారా? చైత్రగారు ఇచ్చిన ఆకు?”

“వండాం, వండాం. తిన్నా కూడా. ఏం దాహం బాబూ, బిందె ఖాళీ అయిపోయింది. నోరంతా ఇసకే.”

చిక్కమ్మ రెండు చేతులూ నేల మీద ఆన్చింది. ఎక్కడో ముళబాగిలు పక్క ఒక వాకిట్లో తొమ్మిదేళ్ళ పిల్ల కూర్చుని వింటోంది.

“ఆశీష్ తిన్నాడా? ఏవండీ, ఆశీష్‌కి పెట్టారా?”

“ఉండండి, మా ఆవిణ్ణి అడిగి చెప్తా,” అన్నాడు సుందరరావు. ఫోను కాస్త దూరం జరిపిన చప్పుడైంది. ఎంతో ప్రేమగా ఎవరినో పిలిచాడు. “ప్రిస్కిల్లా, పిల్లాడు తిన్నాడా అంటున్నారు ఎవరో. నువ్వు జరుగు, ఆ ఆకు తర్వాత గిల్లుదువుగాని.”

తెల్లచీరలో నిలబడి ఉన్న ప్రిస్కిల్లా వైపు ముగ్గురూ చూశారు.

అప్పుడు ఫోనులో, దూరంగా, నిద్రమత్తులో ఉన్న ఒక చిన్న గొంతు వినబడింది.

“నాన్నా, ఎవరితో మాట్లాడుతున్నావ్? అక్కడ ఎవరూ లేరుగా.”

“ఆశీ! ఆశీ, నాన్నా!” అని ప్రిస్కిల్లా అరిచింది. “ఏమీ తినకు! ఫోను తీసుకో! ఆశీ!”

ఆ అరుపు అక్కడ ఎవరి చెవినా పడలేదు. స్టీలు కంచం ఒకటి బల్ల మీద పెట్టిన శబ్దం. గిన్నె మూత తీసిన శబ్దం.

“జ్వరం తగ్గిందా బంగారం?” అంటున్నాడు సుందరరావు. “ఆకలేస్తోందా? రా, కూర్చో. అమ్మ కలిపి పెడుతుంది.”

ఫోను ఆగిపోయింది.